ఒక శాఖా గ్రంథాలయానికి కొత్త రూపం: బోర్డు, ముద్ర, నోటీసు కాగితం

డిజైనర్‌గా నాకు వచ్చిన బ్రీఫ్, అంటే ఏం చేయాలో చెప్పే కోరిక, ఒక్క వాక్యం: "మా ఊరి లైబ్రరీకి మంచి లోగో ఒకటి చేసిపెట్టండి." అడిగినవాళ్ళు ఆ ఊళ్ళో పుట్టి అమెరికాలో స్థిరపడిన కుటుంబం. తండ్రిగారి జ్ఞాపకంగా గ్రంథాలయానికి రంగులు వేయించి, బల్లలూ కుర్చీలూ కొనిచ్చి, పనిలో పనిగా లోగో కూడా చేయిద్దామనుకున్నారు. ఊరు కృష్ణా డెల్టాలో ఉంది. పేరు చెప్పను. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. గ్రంథాలయం జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉన్న శాఖ. లైబ్రేరియన్ ఒకరు, సాయానికి ఒకరు, ఊడ్చి తుడవడానికి ఒకావిడ. సిబ్బంది అంతే.

లైబ్రేరియన్ మేడమ్‌ కోరిక వేరు. "లోగో సంగతి మీరూ మీరూ చూసుకోండి. ఇది తెరిచే ఉంటుందని ఊళ్ళో జనానికి తెలిస్తే నాకు చాలు" అన్నారావిడ. నేను రెండో బ్రీఫ్‌నే పట్టుకుని పని చేశాను. డబ్బిచ్చేవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పాను, వాళ్ళు కాదనలేదు.

మూసి ఉందనుకునే చోటు

గ్రంథాలయం వేళలు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. ఇది అక్కడ కొత్తగా పెట్టిన పద్ధతి కాదు, ఏళ్ళ తరబడి నడుస్తున్నదే. కానీ బజారుకి వచ్చినవాళ్ళు ఆ వీధిలోకి వచ్చేది మధ్యాహ్నం. ఆదివారం మూసి ఉంటుందని చాలామంది వాళ్ళకై వాళ్ళే అనుకుంటారు. శుక్రవారం వచ్చి తాళం చూసి వెళ్ళినవాడు "అది ఎప్పుడో మూసేశారండీ" అని ఇంకో నలుగురికి చెబుతాడు. బస్టాండు దగ్గర, కిరాణా కొట్ల దగ్గర, కాలేజీ గేటు దగ్గర అడుగుతూ తిరిగితే ఈ మాట రకరకాలుగా వినపడింది. "పేపర్లు చదువుకునే చోటు కదా" అన్నవాళ్ళున్నారు. "అది పరీక్షల కుర్రాళ్ళది" అన్నవాళ్ళున్నారు. పుస్తకాలు ఇంటికి ఇస్తారని తెలిసినవాళ్ళు నడివయసు దాటినవాళ్ళే.

ఇక బోర్డు చూస్తే, అందులో లేనిది లేదు. సంస్థ పేరు, శాఖ పేరు, భవనం ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, తేదీ అన్నీ ఉన్నాయి. ఎప్పుడు తెరుస్తారో మాత్రం లేదు. వేళలు లోపల, గుమ్మం దాటాక, నోటీసు బోర్డు మీద టైపు చేసిన ఏ4 కాగితంలో ఉన్నాయి. అంటే లోపలికి వచ్చినవాడికే ఎప్పుడు లోపలికి రావచ్చో తెలుస్తుంది.

లోపల వాతావరణం కూడా చెప్పాలి. పొద్దున పూట పెద్దవాళ్ళు పేపర్ల బల్ల దగ్గర. రిటైరైన మాస్టార్లు, మిల్లు గుమాస్తాలు, ఒకరిద్దరు రైతులు. సాయంత్రం గ్రూప్ పరీక్షలకీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలు సొంత పుస్తకాలతో వచ్చి కూర్చుంటారు. వాళ్ళకి కావలసింది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం, ఫోను పెట్టుకునే ప్లగ్గు. బీరువాల్లో ఉన్న పుస్తకాలకీ వీళ్ళకీ సంబంధం లేదు. ఆడపిల్లలు సాయంత్రం ఆరు దాటాక ఉండరు. చిన్నపిల్లలు అసలు రారు. పిల్లల పుస్తకాలు మంచివే ఉన్నాయి, తాళం వేసిన గాజు బీరువాలో.

ఏవి మన చేతిలో లేవు

శాఖా గ్రంథాలయానికి సొంతంగా చిహ్నం పెట్టుకునే స్వేచ్ఛ పూర్తిగా ఉండదు. సంస్థ పేరు పైన, శాఖ పేరు కింద అనే వరస మార్చొద్దన్నారు. లెటర్‌హెడ్ ముట్టుకోవద్దన్నారు. దాత ఒకరు మూడు సింహాలు పెట్టమన్నారు. జాతీయ చిహ్నం అలా ఎవరు పడితే వాళ్ళు వాడడానికి వీల్లేదనీ, దానికి 2005లో చేసిన చట్టమే ఉందనీ చెప్పి ఆపాను. రాష్ట్ర చిహ్నం పూర్ణకుంభం విషయంలోనూ అదే జాగ్రత్త. ప్రభుత్వం తరఫున వచ్చే కాగితాల మీద అది ఎలా ఉందో అలాగే ఉంటుంది, మనం దాన్ని అలంకారంగా వాడుకోం.

పేరు మార్చాలన్న ఆలోచన కూడా కొంతసేపు నడిచింది. "జ్ఞాన" అనే మాటతో మొదలయ్యే పేర్లు నాలుగైదు వచ్చాయి. వద్దన్నాను. శాఖా గ్రంథాలయం అన్న పేరుతో మనిషి అక్కడికి చేరుకోగలడు, ఫోన్లో వెతికితే దొరుకుతుంది, రికార్డుల్లో అదే ఉంది. కొత్త పేరు పెడితే దాన్ని ఊరికి నేర్పడానికి పదేళ్ళు పడుతుంది, ఆ లోపల లైబ్రేరియన్ నలుగురు మారతారు.

అన్నిటికంటే ఎక్కువ తల తిన్నది రంగు. ఆంధ్రలో ప్రభుత్వ భవనానికి రంగు ఎంచుకోవడం డిజైన్ సమస్య మాత్రమే కాదు. పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు వేశారన్న వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. 2020లో కోర్టు ఆ రంగులు తీసేయమంది, సుప్రీంకోర్టు కూడా ఆ ఆదేశాన్నే నిలబెట్టింది. ఆ తరవాత ఏ అధికారిని అడిగినా మొదటి ప్రశ్న "ఇది ఎవరి రంగులా కనపడుతుంది?" అనే. పసుపు వద్దు. నీలం, ఆకుపచ్చ, తెలుపు కలిసి రాకూడదు. కాషాయం వద్దు. ఎరుపు అంటే కామ్రేడ్లు. గులాబీ అయితే పక్క రాష్ట్రం గుర్తొస్తుంది. జేగురు, సున్నం పట్టీలు వేస్తే గుడి అనుకుంటారు. షేడ్ కార్డు ముందు పెట్టుకుని కొట్టివేస్తూ పోతే చివరికి మిగిలినవి బూడిద రంగు, కాఫీ పొడి రంగు, వంకాయ రంగు.

వంకాయ రంగు తీసుకున్నాం. ఎవరిదీ కాకపోవడం ఒక కారణం. ఇంకో కారణం గ్రంథాలయంలోనే దొరికింది.

ముద్ర

గుర్తు కోసం మొదట వచ్చిన సలహాలు మీరు ఊహించగలరు. తెరిచిన పుస్తకం, దీపం, సరస్వతి, వీణ, హంస, పుస్తకంలోంచి పుట్టుకొస్తున్న చెట్టు. ఇవన్నీ కలిపి ఒకే వృత్తంలో పెట్టిన బొమ్మ ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. ఎవరి సలహానీ తీసిపారేయలేదు కానీ ప్రతిదాన్నీ ఒకటే ప్రశ్న అడిగాను: ఇది పక్క ఊళ్ళో ప్రైవేటు స్కూలు గోడ మీద ఉంటే తేడా తెలుస్తుందా? తెరిచిన పుస్తకం, దీపం అక్కడే ఓడిపోయాయి. సరస్వతి విషయంలో మేడమే తేల్చేశారు. "ఇక్కడికి అందరూ వస్తారండీ" అన్నారు, ఇంక ఆ మాట మీద చర్చ జరగలేదు.

పడవ దగ్గర మాత్రం గట్టిగా ఊగాం. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకాలే పడవెక్కి పల్లెలకు వెళ్ళాయి. డెల్టాలో పుట్టినవాడెవడికైనా ఆ కథ వింటే ఒళ్ళు పులకరిస్తుంది. దాతల కుటుంబం అదే కావాలన్నారు, నేనూ నాలుగు రేఖల్లో పడవ గీశాను, బాగానే వచ్చింది. దాన్ని సాయంత్రం చదువుకునే పిల్లలకి చూపిస్తే "టూరిజం వాళ్ళదా సార్?" అన్నారు. ఒకమ్మాయి చేపల సొసైటీ అంది. ఆ కథ తెలిసినవాళ్ళకే పనికొచ్చే గుర్తది. పైగా అది ఈ ఊరి కథ కాదు. కాలువ ఉన్న ప్రతి ఊరూ ఆ పడవను తగిలించుకుంటే దాన్ని నడిపినవారి గౌరవం పెరగదు. చరిత్రంతా లోపల ఒక గోడకి ఇచ్చాం: 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన జరిగిన గ్రంథాలయాల సభ, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమ, పడవ, 1918లో యువజన సంఘంగా మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, ఆ వరసలో ఈ ఊళ్ళో కుర్రాళ్ళు చందాలు వేసుకుని పెట్టిన పఠనమందిరం.

ఆ పఠనమందిరం పుస్తకాలు ఇంకా కొన్ని ఉన్నాయి. గోడకి ఏం పెట్టాలో చూద్దామని వాటిని తిరగేస్తుంటే అట్ట వెనక, పేరు పుట మీద, మధ్యలో ఎక్కడో ఒక పుట మీద ముద్రలు కనపడ్డాయి. గ్రంథాలయాల్లో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిందే. ఎవరైనా పేరు పుట చింపేసినా పుస్తకం ఎవరిదో తెలియాలని లోపల ఒక నిర్ణీత పుట మీద కూడా ముద్ర వేస్తారు. దాన్ని రహస్య పుట అంటారు. పాత ముద్ర, తరవాతి ముద్ర, ఇప్పటి ముద్ర మూడింటి మీదా పేర్లు మారాయి, కానీ ఆకారం మారలేదు. కోడిగుడ్డు ఆకారం. చుట్టూ పేరు, నడుమ వరస సంఖ్యకీ తేదీకీ ఖాళీ. సిరా అన్నిట్లోనూ అదే, స్టాంపు ప్యాడ్ వంకాయ రంగు.

ఆ కోడిగుడ్డునే గుర్తుగా తీసుకున్నాం. దాని బలమంతా నడుమ ఖాళీలో ఉంది. బోర్డు మీద ఆ ఖాళీలో వేళలు ఉంటాయి. సభ్యత్వ కార్డు మీద సభ్యుడి పేరు. పుస్తకం వెన్ను మీద చీటీలో వర్గీకరణ సంఖ్య. నోటీసు మీద తేదీ. పిల్లల కార్డు మీద ఖాళీగా వదిలేశాం, వాళ్ళ బొమ్మ వాళ్ళే గీసుకుంటారు. ఇందులో నేను కొత్తగా గీసింది తక్కువ. పాత ముద్రలో రెండు గీతల అంచు ఉండేది, చిన్న సైజులో సిరా నిండిపోతోందని ఒక్క గీత చేశాను. పేరు ఆ వంపు మీద తిరగాలి కాబట్టి అక్షరాలు కొంచెం విడదీశాను. పాత పాఠకులు దాన్ని చూసి "ఇది మన స్టాంపే కదా" అన్నారు. దాతలకి మొదట నిరాశే. ఇంత డబ్బు పెట్టి రబ్బరు స్టాంపా అని మొహం మీదే అడిగారు. బోర్డు, కార్డు, వెన్ను చీటీ, నోటీసు నాలుగూ ఒక బల్ల మీద పరిచి చూపించాక ఊరుకున్నారు. ఒప్పుకున్నారో ఓపిక పట్టారో నాకు ఇప్పటికీ తెలీదు.

అక్షరాలు

బోర్డు రాతకి ఫాంటు వెతకలేదు. ఊళ్ళో ఒకప్పుడు గోడల మీద సినిమా ప్రకటనలు రాసిన పెయింటర్ గారున్నారు. ఫ్లెక్సులు వచ్చాక బళ్ళ నంబర్లు, ట్రాక్టరు ట్రక్కుల వెనక పేర్లు రాస్తూ కాలం గడుపుతున్నారు. ఆయన చేత గ్రంథాలయం పేరు పెద్ద కాగితం మీద బ్రష్షుతో రాయించి, స్కాన్ చేసి, గీతలు సరిచేసుకున్నాను. దానికి కారణం పాత ముచ్చట మీద మోజు కాదు. "గ్రంథాలయం" అన్న మాట బోర్డు మీద రాయడానికి చాలా చిక్కుది. మొదటి అక్షరానికే క్రారవడి కిందికి దిగి ఎడమకి తిరుగుతుంది. రెండో అక్షరంలో పొట్టలో చుక్క, కింద ఒత్తు గీత ఉంటాయి. దూరం నుంచి ఆ చుక్క పూడిపోతే అది "ధ" అయిపోతుంది. మన ఊళ్ళ బోర్డుల్లో సగం అలాగే ఉన్నాయి కూడా. మామూలు లావు ఫాంట్లలో చుక్క చుట్టూ జాగా చాలదు. పెయింటర్ గారు ఆ అక్షరం పొట్టని మిగతావాటికంటే ఒక పాలు ఎక్కువ విప్పి రాశారు, లెక్క ఏమీ వేయకుండా.

ఇంకో మాట ఆయన సుద్ద దారం కొడుతూ చెప్పారు. "పైన ఎంత రాస్తావో కింద అందులో సగం వదిలిపెట్టుకో బాబూ. ఒత్తులు ఎక్కడ కూర్చుంటాయి మరి?" కంప్యూటర్లో పనిచేసే మనం ఇంగ్లీషు అలవాటుతో వరసల మధ్య దూరం అక్షరం సైజులో ఒకటింపావు పెట్టి వదిలేస్తాం. తెలుగుకి ఒకటిన్నరకి తగ్గితే పై వరస ఒత్తులూ కింది వరస గుళ్ళూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. బోర్డువాళ్ళ లెక్కలో అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల నుంచి హాయిగా చదవచ్చు. ఆ లెక్క ఒత్తులు లేని లిపికి సరిపోతుంది. నేను దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకున్నాను.

బోర్డు మీద వేళల అంకెలు పేరుతో దాదాపు సమానమైన ఎత్తులో ఉంటాయి. "శుక్రవారం సెలవు" అన్నది వాటి కిందే. ప్రారంభోత్సవం శిలాఫలకం చెక్కుచెదరకుండా గుమ్మం లోపలి గోడకి వెళ్ళింది. అంకెలు తెలుగులో వేస్తే బావుంటుందని విదేశంలో ఉన్నవారు అడిగారు. ఊళ్ళో ఉన్న పిల్లలకి ఆ అంకెలు రావు. బోర్డు పని వేళలు చెప్పడం కాబట్టి ఆ చర్చ త్వరగానే ముగిసింది.

లోపల కాగితాలకీ నోటీసులకీ మాత్రం ఫాంట్లు కావాలి. శీర్షికలకి రామభద్ర, చదివే పాఠానికి మండలి వాడాం. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపు కొత్త లైబ్రేరియన్ వచ్చినా ఆవిడ ఫోన్లోకి దించుకోవచ్చు. ఇంతకంటే అందమైన ఫాంట్లు ఉన్నాయి, కొనాలి. కొన్న ఫాంటు ఏ పాత కంప్యూటర్లోనో ఉండిపోతుంది.

బీరువాల మధ్య

గ్రంథాలయంలో డ్యూయీ దశాంశ పద్ధతి, అంటే విషయాన్ని బట్టి పుస్తకానికి సంఖ్య ఇచ్చే వర్గీకరణ. అందులో తెలుగు సాహిత్యమంతా 894.827. కవిత్వం 894.8271, నాటకం 894.8272, కథలూ నవలలూ 894.8273. అంటే ఊళ్ళో పాఠకుడు అడిగే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఒకే సంఖ్యతో మొదలయ్యి నాలుగో దశాంశ స్థానంలో విడిపోతాయి. వర్గీకరణ తప్పేమీ కాదు, అది సిబ్బందికి కావాలి. కానీ వెన్ను మీద అన్ని అంకెలు చూసి పాఠకుడు కౌంటరు దగ్గరికి వెళ్ళి అడగడమే మేలనుకుంటాడు. అడగడానికి మొహమాటపడేవాళ్ళు వెళ్ళిపోతారు.

సంఖ్య చీటీలో అలాగే ఉంచి, దాని పైన తెలుగులో రెండక్షరాలు పెట్టాం. మొదట ఒక్క అక్షరం అనుకున్నాం గానీ కథకీ కవిత్వానికీ "క" దగ్గరే గొడవ వచ్చింది. అందుకని కథ, కవి, నవ, నాట, చరి, బాల. బీరువాల తలమీద పూర్తి పేర్లు. రంగుల పట్టీలు పెడదామని మేడమ్ అన్నారు. చీటీల రంగు రెండేళ్ళలో వెలిసిపోతుంది, అదే రంగు చీటీ మళ్ళీ దొరకదు. అక్షరం ఎవరైనా పెన్నుతో రాయగలరు.

బీరువాల తాళాలు నా పరిధి కాదు. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది లైబ్రేరియన్, కాబట్టి తాళం వేసేవాళ్ళని తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. ఆవిడే ఒక దారి చూపించారు. దానంగా వచ్చిన, రిజిస్టరుకి ఎక్కని పిల్లల పుస్తకాలు ఒక తెరిచిన అరలో, అట్టలు బయటికి కనపడేలా, వీధి కిటికీ పక్కన పెట్టాం. కిటికీ రెక్కలు తెరిచి ఉంచితే రోడ్డు మీదికి ఆ అట్టలు కనపడతాయి. బోర్డు తరవాత ఎక్కువ పని చేస్తున్నది అదే అని నా అంచనా. నేను గీసిన గుర్తుకి అందులో భాగం లేదు.

పరీక్షల పిల్లల విషయం సున్నితం. వాళ్ళని బయటి నుంచి కనపడే ముఖంగా చేస్తే ఇంక మిగతావాళ్ళు రారు. దాచేస్తే వాళ్ళకి అవమానం, పైగా రోజూ వచ్చేది వాళ్ళే. వెనక గదికి "చదువుకునే గది" అని అదే కోడిగుడ్డు ముద్రతో బోర్డు, ప్లగ్గులున్న బల్లలకి చిన్న గుర్తు, ఆ గదికి పక్క గుమ్మం నుంచి దారి. ముందు హాలు పేపర్లకీ పుస్తకాలకీ.

ఫ్లెక్స్ షాపు, నోటీసు కాగితం

గ్రంథాలయానికి డిజైనర్ ఉండడు. ఏ పోస్టరైనా తయారయ్యేది బజారులో డీటీపీ షాపులో. అక్కడ పాత పేజ్‌మేకర్, పాత ఫోటోషాప్, అను ఫాంట్లు (ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్‌కి ముందటి తెలుగు ఫాంట్లు). యూనికోడ్‌లో రాసిన తెలుగు అందులో అతికిస్తే గళ్ళు వస్తాయి, లేదా ఒత్తులు ఊడి అక్షరం పక్కన నిలబడతాయి. షాపు కుర్రాడికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని మనం చెప్పలేం. అతను పని వేగంగా, శుభ్రంగానే చేస్తాడు, అతనికున్న పనిముట్లతో. అందుకని గ్రంథాలయం పేరు, వేళలు, ముద్ర, తరచూ వాడే శీర్షికలు అన్నీ ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్చి ఇచ్చాం, ఎక్కడ తెరిచినా చెదరవు. మారే విషయం రాసుకోవడానికి కింద ఖాళీ పెట్టె. అందులో అతని అను ఫాంటు ఏది వేసుకున్నా సరే, ఒక్కటే షరతు: నీడలు, మెరుపులు వద్దు.

ఫ్లెక్స్‌కీ వంకాయ రంగుకీ పడదు. ఎండలో ముందు పోయేవి మెజెంటా, పసుపు. సియాన్, నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒక వేసవి దాటేసరికి వంకాయ నీలంలోకి దిగి, మనం తప్పించుకున్న చోటికే తీసుకెళ్తుంది. కాబట్టి ఫ్లెక్స్ మీద ఏదైనా తెల్ల నేల, నల్ల అక్షరాలు. రంగు ఎనామిల్ పెయింటుకీ, కాగితానికీ, స్టాంపు ప్యాడ్‌కీ మాత్రమే. ప్రధాన బోర్డు రేకు మీద ఎనామిల్. షేడ్ నంబరు బీరువా తలుపు లోపల అంటించి ఉంది.

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన వస్తువు నోటీసు కాగితం. మేడమ్ చేతిరాత చాలా బావుంటుంది. పాత నోటీసులన్నీ ఆవిడ స్కెచ్ పెన్నుతో రాసినవే. వాటిని చూశాక కంప్యూటర్ టెంప్లేట్ ఆలోచన మానేసి, ఏ3 కాగితం మీద పైన పేరు, మూల ముద్ర, కింద వేళలు ఒక్క రంగులో అచ్చు వేయించి కట్టలుగా ఇచ్చాం. నడుమ అంతా ఖాళీ, చాలా లేత గీతలు మాత్రం. కొత్త పుస్తకాలు వచ్చినా, వేసవి శిబిరం పెట్టినా, కరెంటు లేక సాయంత్రం మూసేసినా ఆవిడ మార్కరుతో రాసి గేటుకి తగిలిస్తారు. ఆ కాగితాన్నే ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. ఆవిడ బదిలీ అయితే రాత మారుతుంది, చట్రం ఉంటుంది.

తీసేసిన వాక్యం

బోర్డు కింద ఒక మాట రాద్దామనుకున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ఆ వీధిలో ఇల్లున్న ప్రతివాళ్ళూ సభ్యులు కాకముందే చందా కట్టేసినట్టు లెక్క. "మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు ఈ పుస్తకాలవే" అని రాశాను. దాతలకీ, మేడమ్‌కీ నచ్చింది. పై నుంచి వద్దన్నారు. వసూలైన సెస్సు స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకి చేరడంలో ఉండే జాప్యం ఎరిగినవాళ్ళకి ఆ వాక్యం గోడ మీద ఎందుకు ఇబ్బందో అర్థమవుతుంది. వాదించి లాభం లేదు, వాళ్ళ వాదనలోనూ అర్థం ఉంది. చివరికి సభ్యత్వ కార్డు వెనక "ఈ గ్రంథాలయం మీ పన్నుతో నడుస్తుంది. డిపాజిట్ మీరు సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి ఇస్తాం" అని రెండు వాక్యాలు మిగిలాయి. రెండో వాక్యం చాలామందికి కొత్త విషయమట. డిపాజిట్ అంటే ఫీజు అనుకుని ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు

పని అయ్యాక వచ్చిన మొదటి గ్రంథాలయ వారోత్సవాలకి, నవంబరు 14 నుంచి 20 దాకా, గేటు మీద కట్టిన ఫ్లెక్స్‌లో నాయకుల ఫోటోలు ఏడెనిమిది, మన ముద్ర ఒక మూల బఠాణీ గింజంత. అది ఊహించిందే. వారోత్సవాల ఫ్లెక్స్ మీద గ్రంథాలయానికి అధికారం ఉండదు, దాని కోసం ఈ డిజైన్ ఎలా వాడాలో చెప్పే మార్గదర్శక పుస్తకంలో పేజీ కూడా పెట్టలేదు. ఆ వారం దాటాక ఫ్లెక్స్ దిగిపోయింది, బోర్డు ఉంది.

ఎంతమంది పెరిగారని అడుగుతారు. సంతకాల రిజిస్టరులో పేపర్లు చదివేవాళ్ళూ, పరీక్షల పిల్లలూ, పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళూ అందరూ ఒకే వరసలో ఉంటారు. అదే కాలంలో కొత్త బల్లలూ ఫ్యాన్లూ కూడా వచ్చాయి. అందులోంచి బోర్డు వాటా విడదీసి చెప్పడం నిజాయితీ కాదు. మేడమ్ చెప్పేది ఏమంటే, "తెరిచే ఉంటుందా?" అని ఫోన్లు తగ్గాయి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే అమ్మలు సాయంత్రాల్లో కనపడుతున్నారు, పిల్లల కార్డులు ఒకసారి అయిపోయి మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది. కొత్త రబ్బరు స్టాంపు ఇంకా వాడుకలోకి రాలేదు. రిజిస్టర్లలో ముద్ర మారాలంటే సంస్థ అనుమతి కావాలి, ఆ కాగితం ఎక్కడో ఉంది.

పక్క మండలంలో ఇంకో శాఖ నుంచి ఇదే సెట్టు కావాలని అడిగారు. వేళల బోర్డు కొలతలు, నోటీసు కాగితం, వెన్ను చీటీల రెండక్షరాల పద్ధతి, డీటీపీ షాపుకి ఇచ్చే ఫైళ్ళు అలాగే పంపించాను. ముద్ర మాత్రం పంపలేదు. వాళ్ళ పాత పుస్తకాలు తిరగేసి, పేరు పుటల ఫోటోలు తీసి పంపమన్నాను. వచ్చినవాటిలో ఒకటి పలకల ఆకారంలో ఉంది, నడుమ నెలవంక లాంటి గీత. అది ఎవరు వేయించారో అక్కడి పెద్దవాళ్ళని కనుక్కుంటున్నారు.